మ్యాప్‌లో యాడ్‌కు పైసలు కట్టే ముందు

వరంగల్‌లో పోచమ్మమైదాన్ దగ్గర మాది దూది పరుపుల షాపు. మా మామ పెట్టింది. మా ఆయన లోపల ఏకుడు మిషన్ దగ్గరుంటే, గల్లా, ఫోన్ నేను చూసుకుంటాను. మొన్నటి పెండ్లిళ్ల సీజన్‌లో దేశాయిపేట నుంచి ఒకామె వచ్చి, "మీరు ఇక్కడున్నరని తెల్వక హన్మకొండ దాక పోయొచ్చిన అక్కా. ఫోన్ల కొడితే ఆ షోరూమే పైన వచ్చింది" అంది. ఆమె ఇంటి దగ్గర గూగుల్ మ్యాప్స్‌లో వెతికిన పేజీని ఆమె ఫోన్‌లోనే చూశాను. షోరూం పేరు దగ్గర చిన్న అక్షరాల్లో స్పాన్సర్డ్ అని ఉంది. మా షాపు ఎంత కిందికి జరిపినా కనిపించలేదు.

మీకూ ఇలాగే అవుతుంటే ముందు ఒకటి తెలుసుకోండి. స్పాన్సర్డ్ అని ఉన్నది పైసలు కట్టిన చోటు. దాని కింద వచ్చే మామూలు వరుసలు అమ్మకానికి లేవు. వెతికిన మాటకు మన షాపు సరిపోతుందా, మనిషికి ఎంత దగ్గరుంది, ఎంత పేరుంది, ఈ మూడూ చూస్తామని గూగుల్ చెబుతుంది. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, పైసలు కట్టకపోతే మీ షాపు తీసేస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. మ్యాప్‌లో మన షాపు వివరాలు చూపించే బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

తర్వాత మీరెక్కడున్నారో చూసుకోవాలి. షాపులో కూర్చొని వెతికితే దగ్గర కాబట్టి మనమే ముందొస్తాం, సంబరపడొద్దు. నేను స్కూటీ మీద పోయి వరంగల్ చౌరస్తా, ములుగు రోడ్డు, హన్మకొండ చౌరస్తా, కాజీపేట స్టేషన్ దగ్గర ఆగి ఆగి వెతికాను. ఏ మాటకు ఎన్నో నంబర్‌లో వచ్చామో బిల్లు బుక్కు వెనకాల రాసుకున్నాను. 'పరుపుల షాపు' అంటే ములుగు రోడ్డు దాటాక లేము. 'పాత పరుపు రిపేర్' అంటే ఎక్కడా లేము. వరంగల్‌లో ఆ పని చేసేవాళ్లం కొద్దిమందిమే, అయినా లేము! ఎందుకంటే ప్రొఫైల్‌లో మా షాపు రకం 'ఫర్నిచర్ షాపు' అని ఉంది. ఎవరు పెట్టారో ఏమో.

అసలు లాభం ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడకండి. షాపు రకాన్ని పరుపుల షాపుగా మార్చాం. సర్వీసుల్లో మేం చేసేవన్నీ విడివిడిగా రాశాం: పాత పరుపు విప్పి దూది ఏకి మళ్లీ కుట్టడం, దిండ్లు, బొంతలు, పెండ్లి పరుపులు. బోర్డు కనిపించేలా ఒక ఫోటో, మిషన్ మీద దూది పొంగుతున్న ఫోటో ఒకటి పెట్టాం. షాపు పేరులో మాత్రం 'వరంగల్ బెస్ట్ పరుపులు' లాంటివి ఇరికించొద్దు. బోర్డు మీద ఏముందో అదే ఉండాలి, లేకపోతే ప్రొఫైల్ ఆగిపోవచ్చు. రివ్యూ రాయమని అడగండి, కానీ రాస్తే దిండు ఫ్రీ అనొద్దు, అది రూల్‌కు విరుద్ధం.

ఇంకో సంగతి. ప్రొఫైల్ మీ సొంత జీమెయిల్‌తోనే ఉండాలి. మాకు మొదట చేసిపెట్టినతను తన మెయిల్‌తో చేసి, ఊరు మారిపోయాడు. ఓనర్‌షిప్ కోసం రిక్వెస్ట్ పెట్టి, షాపు వీడియో తీసి పంపి, తిరిగి తెచ్చుకునే సరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరికైనా పని అప్పజెబితే మేనేజర్‌గా చేర్చండి, ఓనర్‌గా వద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా యాడ్ కావాలనిపిస్తే అప్పుడు పెట్టండి. నేనూ పెట్టాను, మొదటి వారమే దెబ్బ తిన్నాను. యాడ్ మీద నొక్కి దారి చూసినా, ఫోన్ చేసినా మనకు చార్జి పడుతుంది. వచ్చిన ఫోన్లన్నీ ఫోమ్ పరుపు రేటు అడిగేవే, అవి మా దగ్గర ఉండవు. హైదరాబాద్ నుంచి కూడా చేశారు. సెట్టింగుల్లో చూస్తే, ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లతో పాటు దీని మీద 'ఆసక్తి' ఉన్నవాళ్లకూ చూపించమని దానంతటదే ఉంది. దాన్ని ఇక్కడున్నవాళ్లకే అని మార్చి, షాపు చుట్టూ 8 కిలోమీటర్లు పెట్టాను. ఫోమ్, ఆన్‌లైన్, ఈఎంఐ అనే మాటలతో వెతికితే మా యాడ్ రావొద్దని వాటిని నెగటివ్ కీవర్డ్స్‌లో వేశాను. షాపు తెరిచి ఉండే వేళల్లోనే యాడ్ వచ్చేలా టైం పెట్టాను. రాత్రి పదకొండుకు ఫోన్ ఎత్తేదెవరు?

బడ్జెట్ రోజుకింత అని పెట్టినా, ఒక్కోరోజు దానికి రెట్టింపు దాకా పోవచ్చు, నెల మీద సర్దుతారు. పైన 18 శాతం జీఎస్టీ. ముందుగా 2,000 కడితే యాడ్‌కు మిగిలేది 1,700కు కాస్త తక్కువే.

లాభమా నష్టమా తేలాలంటే గల్లా దగ్గర ఒక నోటుబుక్ పెట్టండి. వచ్చిన ప్రతి ఒక్కరినీ "మా షాపు ఎట్ల తెలిసింది?" అని అడిగి, ఒక గీత గీయండి. పాత పరుపు తెచ్చినవాళ్లు ఎక్కువగా కింది వరుస చూసి వచ్చారు, వాళ్లకు నేను పైసా కట్టలేదు. పెండ్లి పరుపులకు మాత్రం యాడ్ పనికొచ్చింది. అందుకే ఇప్పుడు ఆ ఒక్కదానికే ఉంచాను. ఆషాఢంలో ఆపేస్తాను, శ్రావణం ముహూర్తాలకు వారం ముందు మళ్లీ పెడతాను.