పిల్లవాడు తల పక్కకు వాల్చి చూస్తుంటే ఇంట్లో ఏం గమనించాలి?

విజయనగరం సిరిమాను చూడ్డానికి నాన్న భుజమెక్కిన పిల్లవాడు తల ఓ పక్కకు వాల్చేస్తాడు. "తిన్నగా పెట్టరా" అని అమ్మ సరిచేస్తుంది. చెయ్యి తీయగానే మళ్లీ వాలిపోతుంది. దయచేసి ఆ తలను బలవంతంగా తిప్పకండి, మెడకు నూనె మర్దనా చేయకండి. కన్నును కదిపే కండరాలు ఒక్కో కంటికి ఆరు. వాటిలో ఒకటి బలహీనపడితే ఒక్క బొమ్మ రెండుగా కనబడుతుంది. ఆ రెండూ కలిసే కోణం వెతుక్కుని పిల్లవాడు తలను అక్కడ ఆపుకుంటాడు. చూపు కాపాడుకోడానికి వాడికి దొరికిన దారి అది.

ముందు నిద్రలో చూడండి. మెడ రెండువైపులా సులువుగా తిరిగితే అనుమానం కంటి మీదికి వెళ్లాలి. మెడ కండరమే బిగుసుకుంటే నిద్రలోనూ తిరగదు.

మెలకువగా ఉన్నప్పుడు టీవీ ముందు కూర్చోబెట్టి, అరచేత్తో ఒక కన్ను కాసేపు మూయండి. ఆ తర్వాత రెండోది. కన్ను మూయగానే తల దానంతటదే నిటారైతే, రెండు బొమ్మలు కలపడానికే వాల్చుతున్నాడనడానికి అది గట్టి గుర్తు. తల నిటారు కాకపోతే కళ్లు బాగున్నాయని మాత్రం అనుకోవద్దు. కనుగుడ్లు ఊగే పిల్లలు ఆ ఊపు తగ్గే వైపుకు తల తిప్పుతారు, వాళ్లకి కన్ను మూసినా తల కదలదు.

ఎటు వాలుతోందో రాసుకోండి. మెదడు నుంచి కంటి కండరాలకు వచ్చే కపాల నరాల్లో నాలుగోది దెబ్బతింటే తల సాధారణంగా బాగున్న కంటి వైపు వాలుతుంది, ఆరోది దెబ్బతింటే ముఖం జబ్బు కంటి వైపే తిరుగుతుంది.

అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు ఫోటోలు వెతకండి. ఈ పని చాలామంది వదిలేస్తారు గానీ, డాక్టరుకు దీనికంటే విలువైన సాక్ష్యం ఇంట్లో ఉండదు. వాలు అప్పటినుంచీ ఉంటే పుట్టుకతో వచ్చినదయ్యే అవకాశం ఎక్కువ.

ఈ ఫోటోలూ, ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని మెల్లకన్ను చూసే డాక్టరు దగ్గరికి వెళ్లండి. విశాఖ పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అవసరాన్నిబట్టి బొమ్మను పక్కకు జరిపి రెండింటినీ కలిపే ప్రిజం అద్దాలో, కంటి కండరాల ఆపరేషనో చెబుతారు. వాలు కొత్తగా మొదలై, తలనొప్పి, వాంతులు, నడకలో తూలు ఉంటే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

అప్పటిదాకా బడిలో మాస్టారికి చెప్పండి, తల ఎలా పెట్టుకుంటే అలాగే చదవనివ్వమని.