మైక్రోపార్టికల్స్ లెక్కపెట్టాలంటే ముందు రక్తాన్ని కదపకుండా దాచుకోవాలి

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన రోగుల ప్లాస్మానీ, ఆరోగ్యవంతుల ప్లాస్మానీ పోల్చి చూస్తున్నాం. రోగుల్లో ప్లేట్‌లెట్ మైక్రోపార్టికల్స్, అంటే ప్లేట్‌లెట్ల నుంచి ఊడిపడే అతి చిన్న బుడగలు, చాలా ఎక్కువగా కనబడ్డాయి. జబ్బు ఆనవాలు దొరికిందని నమ్మేశాను. కొన్ని నెలల తర్వాత ఏదో పని మీద వార్డుకి వెళితే, అక్కడ రోగుల ట్యూబుల్ని గాలి ఒత్తిడితో నడిచే గొట్టంలో పెట్టి ల్యాబ్‌కి పంపిస్తున్నారు. ఆరోగ్యవంతుల రక్తమేమో నేనే పక్క గదిలో తీసి చేత్తో తెచ్చుకునేదాన్ని. ఆ సాయంత్రమే నా రక్తం రెండు ట్యూబుల్లో తీయించుకుని ఒకటి గొట్టంలో పంపాను, రెండోది చేత్తో తెచ్చాను. గొట్టంలో వచ్చినదాంట్లో లెక్క ఎంతో పెరిగింది. జబ్బేమీ లేని నా రక్తంలో! అప్పటిదాకా చేసిన శాంపిళ్లన్నీ పక్కన పెట్టేశాం.

అలా ఎందుకైందో తెలియాలంటే ఇవి ఎలా పుడతాయో తెలియాలి. కణం పైపొరలో కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉంటాయి. వాటిలో ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనేది మామూలుగా లోపలి వరసలోనే ఉంటుంది. కణం ఉత్తేజితమైనా, చనిపోతున్నా లోపల కాల్షియం పెరుగుతుంది, ఆ అణువు బయటి వరసకి వచ్చేస్తుంది, కణాన్ని లోపల నిలబెట్టే ప్రోటీన్ల అల్లిక పట్టు సడలుతుంది, పొర ఉబ్బి బుడగలా ఊడిపోతుంది. ఆ బుడగే మైక్రోపార్టికల్. సైజు సుమారు 0.1 నుంచి 1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1967లో పీటర్ వుల్ఫ్ అనే పరిశోధకుడు వీటిని ‘ప్లేట్‌లెట్ ధూళి’ అన్నాడు, కానీ ఆ ధూళి మీదే రక్తం గడ్డకట్టే ప్రోటీన్లు వచ్చి కూర్చుంటాయి. స్కాట్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లలో ఫాస్ఫాటిడైల్‌సెరిన్ సరిగా బయటికి రాదు, దాంతో రక్తస్రావం త్వరగా ఆగదు. మనిషి ఒంట్లో ఈ అణువు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చిక్కేమిటంటే, రక్తనాళంలో జరిగే ఈ పనే ట్యూబులో కుదుపు తగిలినా జరుగుతుంది.

అందుకని సూది దగ్గర్నుంచే జాగ్రత్త పడాలి. 21 గేజ్ సూది వాడండి. టోర్నికెట్ (చేతికి కట్టే పట్టీ) బిగించి ఎక్కువసేపు ఉంచొద్దు. మొదట వచ్చే రెండు మూడు మిల్లీలీటర్లు పారేయండి, సూది గుచ్చిన చోట రేగిన కణాలు అందులోనే ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా ఆపే 3.2 శాతం సిట్రేట్ ట్యూబులో తీసి, మెల్లగా తలకిందులు చేసి కలపండి, ఊపొద్దు. ట్యూబు నిలువుగా ఉంచి, మామూలు గది ఉష్ణోగ్రతలో, చేత్తోనే తీసుకురండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చల్లదనానికి ప్లేట్‌లెట్లు ఉత్తేజితమవుతాయి. రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో, అంటే ట్యూబుల్ని వేగంగా తిప్పి కణాల్ని వేరుచేసే యంత్రంలో ఉండాలి.

సెంట్రిఫ్యూజ్ దగ్గర తొందరపడొద్దు. 2,500 జీ, 15 నిమిషాలు, బ్రేక్ తీసేసి. జీ వేరు, ఆర్‌పీఎం వేరు: మొదటిది భూమ్యాకర్షణకి ఎన్ని రెట్ల బలమో చెబుతుంది, రెండోది నిమిషానికి ఎన్ని చుట్లో చెబుతుంది. రోటార్ (ట్యూబుల్ని పట్టుకుని తిరిగే భాగం) వ్యాసార్థం 16 సెంటీమీటర్లయితే 2,500 జీ అంటే దాదాపు 3,740 ఆర్‌పీఎం, మీ రోటార్‌కి మీరే లెక్కేసుకోండి. ఆగాక ట్యూబుని వెలుతురులో చూడండి. కింద ఎర్ర కణాలు, వాటి మీద పల్చటి తెల్లటి పొర, ఆ పైన పసుపు ప్లాస్మా. ఆ తెల్ల పొరలో తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ ఉంటాయి. పిపెట్ టిప్పుని పైనుంచి ప్లాస్మా మట్టంతో పాటే దించుతూ లాగండి, తెల్ల పొరకి ఒక సెంటీమీటరు పైన ఆపేయండి. మిగిలిన ప్లాస్మా మీద ఆశ పెట్టుకోవద్దు. చెయ్యి వణికి పొర కాస్త రేగినా మళ్లీ మొదటి నుంచి తిప్పుతాను. తీసిన ప్లాస్మాని కొత్త ట్యూబులో పోసి మరో 15 నిమిషాలు అదే వేగంతో తిప్పాలి, అడుగున 100 మైక్రోలీటర్లు వదిలేయాలి.

రెండోసారి తిప్పడం వృథా అనిపిస్తుంది కానీ, ప్లేట్‌లెట్లు మిగిలిపోతే ఫ్రీజ్ చేసి కరిగించినప్పుడు అవి పగిలి ముక్కలవుతాయి. ఆ ముక్కలకీ అసలు మైక్రోపార్టికల్స్‌కీ తేడా యంత్రానికి తెలియదు. చిన్న చిన్న భాగాలు చేసి ద్రవ నైట్రోజన్‌లో ఒక్కసారిగా ఫ్రీజ్ చేసి, మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. 37 డిగ్రీల నీళ్లలో కరిగించండి, ఒకసారి కరిగించింది మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు.

ఫ్లో సైటోమీటర్‌కి, అంటే బుడగల్ని లేజర్ కాంతి ముందు నడిపించి లెక్కపెట్టే యంత్రానికి వచ్చేసరికి, ఫాస్ఫాటిడైల్‌సెరిన్‌ని పట్టుకునే అనెక్సిన్ వీ అనే ప్రోటీన్‌కి కాల్షియం కావాలి. ట్యూబులోని సిట్రేట్ ఆ కాల్షియాన్నే లాగేసుకుంటుంది. పోనీ అని కాల్షియం పోస్తే ప్లాస్మా గడ్డకడుతుంది. ప్లాస్మా తక్కువ, కాల్షియం బఫర్ (కాల్షియం ఉన్న ద్రావణం) ఎక్కువ ఉండేలా కలపడమే దారి. బఫర్‌ని 0.1 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. ప్లాస్మా లేకుండా బఫర్, బుడగల్ని గుర్తుపట్టడానికి వాడే రంగు అంటించిన యాంటీబాడీ మాత్రమే ఉన్న ట్యూబు కూడా నడపండి, రంగు ముద్దలు అక్కడ బయటపడతాయి.

పాలిస్టైరీన్ (ప్లాస్టిక్) పూసలతో గేటు, అంటే ఏ సైజువి లెక్కపెట్టాలో ఆ హద్దు, పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అదే సైజు మైక్రోపార్టికల్ కంటే పూస కాంతిని బాగా ఎక్కువ చెదరగొడుతుంది. 0.5 మైక్రాన్ పూస దగ్గర కనబడే మైక్రోపార్టికల్ నిజానికి దానికంటే పెద్దది.

ఏ కణం నుంచి వచ్చిందో బుడగ పైనున్న గుర్తు ప్రోటీన్ చెబుతుంది. సీడీ41 ప్లేట్‌లెట్లది, సీడీ235ఏ ఎర్ర కణాలది, సీడీ144, సీడీ62ఈ రక్తనాళాల లోపలి పొరవి. మొత్తం సంఖ్య కన్నా ఈ పంపకమే నాకు ఎక్కువ చెబుతుంది. సికిల్ సెల్ జబ్బులో ఎర్ర కణాలవి పెరుగుతాయి. తీవ్రమైన మలేరియాతో కోమాలోకి వెళ్లిన ఆఫ్రికాలోని మలావీ పిల్లల్లో రక్తనాళాల పొరవి పెరిగాయని 2004లో తేలింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కీళ్ల నీటిలోనే ప్లేట్‌లెట్లవి దొరికాయి, వాపుని పెంచడంలో వాటికి భాగముందని 2010లో చూపించారు. కొన్ని క్యాన్సర్లలో టిష్యూ ఫ్యాక్టర్ (గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే ప్రోటీన్) మోసేవి రక్తంలో తిరుగుతూ రక్తం గడ్డకట్టడానికి దారి తీస్తాయి. అయినా చాలా జబ్బుల్లో ఇవి కారణమా, జరిగిన నష్టానికి గుర్తా అన్నది లెక్క ఒక్కటే చెప్పదు.

అంకె రాసే ముందు రెండు పరీక్షలు చేస్తాను. శాంపిల్‌ని సగానికి పలచన చేస్తే లెక్క సగం కావాలి. కాకపోతే యంత్రం గుంపునంతా ఒకే చుక్కగా చూస్తోందని అర్థం. తర్వాత అదే ట్యూబులో 0.05 శాతం ట్రైటాన్ (కొవ్వు పొరల్ని కరిగించే డిటర్జెంట్) వేసి మళ్లీ నడుపుతాను. పొర ఉన్న బుడగలు కరిగి తెర మీది చుక్కలు మాయమవుతాయి. ఇంకా మిగిలినవి ప్రోటీన్ ముద్దలో, యాంటీబాడీ ముద్దలో అయ్యుంటాయి, మైక్రోపార్టికల్స్ మాత్రం కావు. వాటిని లెక్కలోంచి తీసేసి, రక్తం తీసిన టైమూ, సెంట్రిఫ్యూజ్ మొదలైన టైమూ, ట్యూబు ఎలా వచ్చిందన్నదీ అంకె పక్కనే రాస్తాను.