పాస్‌కీ పెట్టుకునే ముందు బయటికి దారి చూసుకోవడం

పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి, భీమవరం దగ్గర మా మేనమామ రొయ్యల చెరువు గట్టు మీద వంగి, చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తుండగా, చొక్కా జేబులోని ఫోను జారి నీళ్లలో పడింది. తెల్లవారాక వలకు దొరికింది గానీ, ఇక పనిచెయ్యలేదు. కొత్త ఫోను కొన్నాం, అదే నంబరుతో సిమ్ తెచ్చుకున్నాం. "నంబరు ఉంది కదమ్మా, అన్నీ అవే వచ్చేస్తాయిలే" అన్నారు మావయ్య. రాలేదు. ఫోను అడిగినప్పుడల్లా వేలు పెట్టి ఆయన ఒప్పుకున్న పాస్‌కీలన్నీ (పాస్‌వర్డ్ బదులు ఫోనులో దాచుకునే తాళంచెవులు) ఒక పెద్ద కంపెనీ ఖాతాలోకి వెళ్లి కూర్చున్నాయి. ఆ ఖాతా తెరవాలంటే పాత ఫోనులో "అవును, నేనే" అని నొక్కాలి. లేకపోతే రికవరీ నంబరుకు వచ్చే కోడ్ చెప్పాలి. ఆ నంబరు ఎప్పుడో వదిలేసిన సిమ్‌ది. మేత బిల్లులు, పట్టుబడి లెక్కలు ఉన్న మెయిల్ పదకొండు రోజుల పాటు తెరుచుకోలేదు.

పాస్‌కీ చెడ్డదని చెప్పడానికి ఈ సంగతి రాయడం లేదు. పాస్‌వర్డ్ కంటే అది ఎంతో గట్టిది, అందరూ వాడవలసినది. అయితే దాన్ని ఎవరి పెట్టెలో దాస్తున్నామో తెలుసుకోకుండా, ఆ పెట్టెలోంచి తిరిగి తీసుకునే మార్గం ముందుగా చూసుకోకుండా వాడితే, దొంగ దూరలేని ఇంట్లోకి మనమూ వెళ్లలేని పరిస్థితి వస్తుంది. ఆ మార్గాన్ని మా ఇంట్లో ఎలా ఏర్పాటు చేసుకున్నామో ఆ క్రమంలోనే వివరిస్తాను.

ముందు పాస్‌కీ పనిచేసే తీరు కొంత తెలియాలి. ఒక సైటులో పాస్‌కీ సృష్టించుకున్నప్పుడు జంట తాళంచెవులు పుడతాయి. బహిరంగమైనది సైటు దగ్గర ఉంటుంది, రహస్యమైనది మీ దగ్గర ఉంటుంది. లాగిన్ అయిన ప్రతిసారీ సైటు ఒక కొత్త సంఖ్యను పంపితే, మీ ఫోను దాని మీద రహస్య తాళంచెవితో సంతకం చేసి తిప్పి పంపుతుంది; సైటు తన దగ్గరున్న తాళంచెవితో ఆ సంతకాన్ని సరిచూసుకుంటుంది. రహస్య తాళంచెవి సైటుకు ఎన్నడూ వెళ్లదు కనుక, రేపు ఆ సైటు సర్వర్లు దొంగల చేతికి చిక్కినా మీ ఖాతా తెరవడానికి పనికొచ్చే తాళంచెవి వాళ్లకు అక్కడ దొరకదు. అంతకంటే పెద్ద మేలు ఏమిటంటే, పాస్‌కీ ఆ సైటు చిరునామాకు కట్టుబడి ఉంటుంది. కరెంటు బిల్లు బకాయి ఉందని, పార్సిల్ ఆగిపోయిందని వచ్చే మెసేజీలోని లింకు నొక్కితే అచ్చం అసలు సైటులాంటి పేజీ తెరుచుకోవచ్చు. మన కన్ను మోసపోవచ్చు గానీ, అది అసలు చిరునామా కానప్పుడు పాస్‌కీ పలకదు. ఓటీపీకి ఈ గుణం లేదు, దొంగ పేజీలో కూడా దాన్ని మనమే కొట్టి ఇచ్చేస్తాం.

వేలిముద్ర గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్లో పెద్దవాళ్లు ముందుగా అడిగేది అదే. రేషన్ డిపోలో వేలు పెడితే ఆ ముద్రను ఆధార్ వివరాలతో సరిపోల్చడానికి బయటికి పంపుతారు. పాస్‌కీ కోసం పెట్టే వేలు అలాంటిది కాదు. ఆ ముద్ర ఫోను దాటి వెళ్లదు; లోపలి తాళంచెవిని వాడుకోవడానికి ఫోను మీ అనుమతి అడుగుతోంది, అంతే.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. పాస్‌కీ ప్రమాణాలను ఫిడో అలయన్స్ (లాగిన్ పద్ధతుల కోసం కంపెనీలు కలిసి పెట్టుకున్న సంఘం), డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) రూపొందించాయి. 2022 మే నెలలో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి వాటికి మద్దతును విస్తరిస్తున్నట్టు ప్రకటించాయి. ప్రమాణం అందరిదీ అయినా, తాళంచెవులు దాచే పెట్టె మాత్రం ఎవరిది వారిదే. మన కాలవల మీద లాకులు చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూస్తారు, నీటి మట్టం సరిచేస్తారు, ముందు తలుపు తెరుస్తారు. ఆ ముందు తలుపు తెరిచే లస్కరు లేకపోతే పడవ ఎంత మంచిదైనా అక్కడే ఉండిపోతుంది. పాస్‌వర్డులకు ఇలాంటి ఇబ్బంది పెద్దగా లేదు, ఎందుకంటే ఏ కంపెనీ పెట్టెలోంచైనా వాటిని సీఎస్‌వీ ఫైలుగా (మామూలు అక్షరాల్లో ఉండే పట్టికగా) దించుకుని ఇంకోదానిలో ఎక్కించుకోవచ్చు. పాస్‌కీలు ఆ ఫైలులో రావు. వాటిని ఒక మేనేజరు (పాస్‌వర్డులు, పాస్‌కీలు దాచే యాప్) నుంచి మరోదానికి భద్రంగా చేరవేసే పద్ధతికి ఫిడో అలయన్స్ 2024 అక్టోబరులో ముసాయిదా ప్రకటించింది, 2025లో ఐఫోన్లకు వచ్చిన ఐఓఎస్ 26లో అది మొదలైంది. అయితే ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఇద్దరూ ఒప్పుకుంటేనే అది జరుగుతుంది. కనుక నేను ఆ తలుపు మీద ఆశ పెట్టుకోను. మొదటి నుంచే ఫోను కంపెనీతో సంబంధం లేని మేనేజరును ఎంచుకోమంటాను.

ఇది 2023 వరకు ఫోనులో కుదరలేదు. ఆండ్రాయిడ్ 14, ఐఓఎస్ 17 వచ్చిన తరువాతే బయటి మేనేజర్లు పాస్‌కీలు దాచగలుగుతున్నాయి. మీ ఫోను వాటికంటే పాతదైతే ఈ పని కొత్త ఫోను వచ్చేదాకా ఆపండి. మేము ఎంచుకున్నది బిట్‌వార్డెన్. దాని ప్రోగ్రామ్ మూలాన్ని ఎవరైనా చదవవచ్చు, ఉచిత ఖాతాతోనే ఎన్ని పరికరాల్లోనైనా వాడుకోవచ్చు, ఏ కంపెనీ ఫోనులోనైనా నడుస్తుంది. ఇంటర్నెట్ మీద ఏదీ దాచకూడదనుకునేవారికి కీపాస్‌ఎక్స్‌సీ ఉంది. 2024 మార్చిలో వచ్చిన 2.7.7 నుంచి అది కూడా పాస్‌కీలు దాస్తుంది, కానీ అది కంప్యూటరుకే పరిమితం, ఫైలును కాపాడుకునే బాధ్యత పూర్తిగా మీది. ఇంట్లో పెద్దవాళ్లకు నేను దాన్ని చెప్పను.

మేనేజరు ఖాతా తెరిచేటప్పుడు పెట్టే మాస్టర్ పాస్‌వర్డ్ దగ్గరే నిదానంగా కూర్చోవాలి, ఎందుకంటే దాన్ని మరిచిపోతే బిట్‌వార్డెన్ వాళ్లు కూడా తిరిగి ఇవ్వలేరు. నిఘంటువును కళ్లు మూసుకుని ఐదుచోట్ల తెరవండి, వేలు పడిన ఐదు మాటలను ఒక కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాయండి. తాటిదోనె, కంసాలి, వాయిదా, గుమ్మడి, నిచ్చెన లాంటివి వస్తాయి (ఇవే పెట్టుకోకండి). మాటలను మనం ఎంచుకోకూడదు. మనం ఎంచుకుంటే పిల్లల పేర్లు, ఇలవేల్పుల పేర్లే వస్తాయి, దొంగ ముందు ప్రయత్నించేవీ అవే. ఒక్కో మాటను ఒకే స్పెల్లింగుతో, పెద్ద అక్షరాలు లేకుండా రాసుకోవాలి. ఖాతాకు రెండంచెల రక్షణ (పాస్‌వర్డ్ తరువాత ఇంకో రుజువు అడిగేది) కూడా పెట్టి, అప్పుడు వచ్చే రికవరీ కోడును అదే కాగితం మీద రాయండి.

ఆ కాగితానికి రెండు ప్రతులు కావాలి. 2022 జూలై వరదలో కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, బీరువాల్లో పెట్టిన కాగితాలు కూడా తడిసిపోయాయి. అందువల్ల ఒక ప్రతిని లామినేషన్ చేయించకుండా (షాపులో ఇతరుల కంట పడుతుంది) జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంట్లో ఉంచండి. రెండోది ఏటికి అవతల, మెరక మీద ఉన్న నమ్మకమైన బంధువుల ఇంట్లో, అంటించిన కవరులో ఉంచండి.

తరువాత ఫోను సెట్టింగులలో పాస్‌వర్డులు, పాస్‌కీలు, ఖాతాలు అనే చోటికి వెళ్లి బిట్‌వార్డెన్‌ను ప్రధానంగా ఎంచుకోండి. ఈ ఒక్క మార్పు చెయ్యకపోతే, యాప్ వేసుకున్నా కూడా కొత్త పాస్‌కీలు ఫోను కంపెనీ పెట్టెలోకే పోతుంటాయి. పాత పాస్‌వర్డులను సీఎస్‌వీగా దించి కొత్త మేనేజరులోకి ఎక్కించండి. ఆ ఫైలులో పాస్‌వర్డులన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి కనుక, దాన్ని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపుకోకండి. పని కాగానే డౌన్‌లోడ్స్ నుంచి, చెత్తబుట్ట నుంచి కూడా తీసెయ్యండి. పాత పాస్‌కీలను మాత్రం సైటు సైటుకీ వెళ్లి కొత్తగా సృష్టించుకోవాలి. మావయ్యవి తొమ్మిదే గనుక ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. కొత్తదానితో ఒకసారి లాగిన్ అయి చూసుకున్నాకే పాతదాన్ని తొలగించండి.

మెయిల్ ఖాతాకు మాత్రం ఒక్క పాస్‌కీతో సరిపెట్టకండి, మిగిలిన ఖాతాల రికవరీ అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. గూగుల్, మైక్రోసాఫ్ట్ ఖాతాలు రెండూ ఒకటికంటే ఎక్కువ పాస్‌కీలను ఒప్పుకుంటాయి: ఒకటి మేనేజరులో, ఇంకొకటి ఇంట్లో మరొకరి ఫోనులోనో, కొనగలిగితే యూఎస్‌బీ సెక్యూరిటీ కీలోనో (పాస్‌కీ దాచే చిన్న పరికరం) పెట్టండి. సెక్యూరిటీ కీలోని పాస్‌కీని మరోదానిలోకి కాపీ చెయ్యడం కుదరదు, కనుక కొంటే రెండు కొని రెండింటినీ నమోదు చేసుకోవాలి. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడులను కాగితం మీద రాసి, రికవరీ నంబరు ఇప్పుడు వాడుతున్న సిమ్‌దేనా అని చూడండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఇళ్లలో ఇది మరీ ముఖ్యం, రీఛార్జి లేక వాళ్ల ఇక్కడి నంబరు రద్దయి మరొకరికి వెళ్లిపోయే అవకాశం ఉంది.

నెట్ సెంటరు కంప్యూటరులో మెయిల్ తెరవవలసి వస్తే అక్కడ పాస్‌కీ సృష్టించకండి. తెర మీది క్యూఆర్ కోడును మీ ఫోనుతో స్కాన్ చేస్తే చాలు. రెండూ దగ్గరలో ఉన్నాయని బ్లూటూత్ ద్వారా నిర్ధారించుకుని లాగిన్ జరుగుతుంది, తాళంచెవి మాత్రం ఫోనులోనే ఉంటుంది. పని అయ్యాక లాగౌట్ కావడం మరవకండి.

ఏడాదికి ఒకసారి మేనేజరులోని సరుకంతా పెన్‌డ్రైవ్‌లోకి దించుకోవాలి. బిట్‌వార్డెన్‌లో జేసన్ ఫైలుగా దించితే పాస్‌కీలు కూడా వస్తాయి. ఎన్‌క్రిప్ట్ చేసిన (ఇతరులు చదవలేకుండా మార్చిన) ఫైలు దించేటప్పుడు రెండు రకాలు చూపిస్తుంది. ఒకటి మీ ఖాతాకే కట్టుబడినది, ఆ ఖాతా పోతే ఫైలు కూడా తెరుచుకోదు. రెండోది పాస్‌వర్డుతో రక్షించినది, దాన్ని వేరే ఖాతాలో కూడా ఎక్కించుకోవచ్చు. మీరు ఎంచుకోవలసింది రెండోదాన్నే. మొదటిదాన్ని ఎంచుకుంటే తప్పించుకోవాలనుకున్న చిక్కును మళ్లీ తెచ్చుకున్నట్టే.

ఇవన్నీ అయ్యాక పరీక్ష చెయ్యాలి. మీ ఫోనును స్విచాఫ్ చేసి గదిలో పెట్టేసి, ఇంట్లో మరొకరి ఫోనులో, కేవలం ఆ కాగితం ఆధారంగా మీ మేనేజరులోకి, అక్కడి నుంచి మెయిల్‌లోకి వెళ్లగలరేమో చూడండి. పని కాగానే రెండింటి నుంచీ లాగౌట్ అవ్వండి. మావయ్య చేత ఈ పరీక్ష చేయిస్తే మొదటిసారి తెరుచుకోలేదు. నాలుగో మాటలో ఒక అక్షరం కాగితం మీద తప్పు పడింది. వెంటనే ఫోనులో మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టి సరిచూసుకుని, రెండు కాగితాలూ దిద్దాం. పాలకొల్లులో పిన్ని దగ్గరున్న ప్రతిని దిద్దడానికి ఆ సాయంత్రమే బస్సెక్కాను.