జర్మనీ టీమ్‌లో మాటా మాటా వస్తే: కొత్తగా వచ్చినవాళ్ళకి

జర్మనీకి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు ఇల్లు, ఆన్‌మెల్డుంగ్ (ఉండే అడ్రస్‌ని ఆఫీసులో నమోదు చేయించుకోవడం), బ్యాంక్ ఖాతా గురించి ఎవర్నో ఒకర్ని అడిగి తెలుసుకుంటారు గానీ టీమ్‌లో తేడా వస్తే ఏం చేయాలో ఎవరూ అడగరు, చాలామంది లోపల కుమిలిపోయేది దానికే.

ఇక్కడ మీటింగ్‌లో అందరి ముందే "ఈ డిజైన్ పనికిరాదు" అనేస్తారు. మీ మీద కోపంతో కాదండి, వాళ్ళు మాట్లాడేది పని గురించి. గంట తర్వాత అదే మనిషి లంచ్‌కి వస్తావా అంటాడు, వెళ్ళండి. మనవాళ్ళేమో అక్కడ తలూపేసి బయటికొచ్చి వాట్సాప్ గ్రూప్‌లో బాధపడతారు, లేకపోతే కుదరదని తెలిసినా "శుక్రవారానికి ఇచ్చేస్తా" అంటారు. నా లెక్కలో సగం గొడవలు ఇక్కడే పుడతాయి, ఎందుకంటే పని లేటైతే సర్దుకుంటారు గానీ బుధవారమే తెలిసి కూడా చెప్పలేదంటే ఇక మీ మాట నమ్మరు.

ఏదైనా నచ్చకపోతే ముందు ఆ మనిషినే పదిహేను నిమిషాలు టైమ్ అడిగి, ఇద్దరే కూర్చుని మాట్లాడండి. "నువ్వెప్పుడూ ఇంతే" అనొద్దు. "నిన్న రివ్యూలో నా కోడ్ మొత్తం తీసేశావు, ఎందుకో రాయలేదు, రెండ్రోజుల పని పోయింది, ఈసారి తీసేముందు నన్నొకసారి అడుగు" అని జరిగింది జరిగినట్టు చెప్పి, మీకేం కావాలో అడగండి, చాలు. మొదటిసారే మేనేజర్ని సీసీలో పెట్టి పెద్ద మెయిల్ మాత్రం కొట్టకండి, అలా చేస్తే ఆ మనిషితో మళ్ళీ మామూలుగా పనిచేయడం చాలా కష్టం. మాట్లాడినా మారకపోతే అప్పుడు మేనేజర్ దగ్గరికి.

ప్రొబేషన్ మామూలుగా 6 నెలలుంటుంది, అందులో 2 వారాల నోటీసుతో తీసేయొచ్చు కాబట్టి భయమేస్తుంది, నిజమే. కానీ పని గురించి మర్యాదగా అభ్యంతరం చెప్తే ఇక్కడ చాలాచోట్ల తప్పు పట్టరు. మీ ఆఫీసులో బెట్రీబ్స్‌రాట్, అంటే ఉద్యోగులు ఎన్నుకున్న కమిటీ ఉందేమో కనుక్కోండి. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ కమిటీ మెంబర్‌ని వెంట తీసుకెళ్ళొచ్చు, ఫిర్యాదు చేశారని మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

మీ రంగు గురించో, మీ దేశం గురించో ఎవరైనా మాటలంటే అది టీమ్ గొడవ కాదు, సర్దుకుపోవద్దు. 2006 నుంచి దానికి ఏజీజీ అనే వివక్ష నిరోధక చట్టముంది. తేదీ, టైమ్, పక్కన ఎవరున్నారో ఆ రోజే రాసి పెట్టుకోండి, నష్టపరిహారం అడగాలంటే మామూలుగా 2 నెలల్లోపే రాతపూర్వకంగా అడగాలి.