హంపిలో బండలు, పక్కన పిల్లలు

చిన్నపిల్లలతో హంపి వెళ్లి బౌల్డరింగ్ (తాళ్లు లేకుండా బండలెక్కడం) కూడా చేయాలనుకుంటే, బస తుంగభద్రకు ఉత్తరాన ఆనెగొంది, సాణాపూర్ వైపు చూసుకోండి. బండలు దగ్గరే కాబట్టి తెల్లవారగానే వెళ్లి, పిల్లలు లేచి పాలడిగే వేళకు వచ్చేయవచ్చు. చల్లటి గ్రానైటు మీద పట్టు బాగా దొరుకుతుంది. ఎండెక్కితే డిసెంబరులోనూ రాయి వేడెక్కి, చెమటకు వేళ్లు జారతాయి. పిల్లలను వెంట తీసుకెళ్తే మాత్రం పెద్దవాళ్లలో ఒకరు వాళ్లనే కనిపెట్టుకుని ఉండాలి. పడితే దెబ్బ తగలకుండా బండ కింద పరిచే క్రాష్ ప్యాడ్ వాళ్ల కంటికి పరుపే కదా! నేను పైన వేలాడుతుండగా మా మూడేళ్ల పాప బొమ్మతో సహా దాని మీద పడుకుంది. మధ్యాహ్నం నీడలో నిద్రపుచ్చడానికి మాత్రం దాన్ని మించిన పక్క లేదు. సాయంత్రాలు పూర్తిగా పిల్లలవే. అప్పుడు నేను బండల ఊసెత్తను.