షాపులో దొంగతనం కేసు పడితే ముందు చూడాల్సింది సెక్షనే

సరుకు విలువ 5,000 రూపాయల లోపుంటే భారతీయ న్యాయ సంహిత 303(2) కింద బెయిల్ మీ హక్కు. వారెంట్ లేకుండా అరెస్టు కుదరదు. నేరం రుజువైనా, అది మొదటిసారే అయి సరుకో దాని విలువో తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవే. అందుకే ధర రుజువు చేసే బిల్లు కాపీ అడిగి తీసుకోండి. విలువ అంతకు మించితే మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది కఠిన కారాగారం.

అసలు చిక్కు 305తో. సరుకు భద్రపరిచే భవనంలో దొంగతనమంటూ ఇది పెడితే ఏడేళ్ల వరకు శిక్ష, పైగా నాన్ బెయిలబుల్. 303(2)లో యజమానితో రాజీ పడొచ్చు, ఇందులో ఆ దారి లేదు. ఈ సెక్షన్ ఎందుకు పెట్టారో లాయర్‌తో మొదటి రోజే అడిగించండి.

షాపువాళ్లు రాయించుకునే ఒప్పుకోలు కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు గానీ, ఇది సాక్ష్యంగా రావచ్చు.