వలస పక్షులు ఏ రోజు వెళ్ళిపోయాయో పట్టుకోవడం, నలుగురితో పంచుకోవడం ఎలా?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది అంటారు కదా, మన చెరువుల్లో వలస పక్షుల ప్రయాణం హడావుడి కూడా ఇంచుమించు అప్పుడే మొదలవుతుంది. అక్టోబర్, నవంబర్‌లో అవి వచ్చినప్పుడు అందరం ఫొటోలు పెడతాం, ముందు నేనే చూశా అని సంబరపడతాం, కానీ ఫిబ్రవరి నుంచి మే దాకా ఏది ఎప్పుడు వెళ్ళిపోయిందో రాసేవాళ్ళు చాలా తక్కువ. ఎందుకంటే వచ్చిన రోజు కంటికి కనిపిస్తుంది, వెళ్ళిన రోజు కనిపించదు. ఇవాళ చూసిన పిట్టే ఈ ఏడాదికి ఆఖరుదని ఇవాళ మనకి తెలీదు, ఆ తర్వాత రెండు మూడు సార్లు వెళ్ళి అది లేదని రాసుకుంటేనే తెలుస్తుంది. కింద చెప్పేదంతా ఆ ఒక్క తేదీ కోసమే.

ముందు ఒక చోటు ఫిక్స్ చేస్కోండి. పులికాట్, నేలపట్టు, కొల్లేరు, మంజీర అన్నీ బావుంటాయి, తప్పకుండా వెళ్ళండి. కానీ ఈ పనికి మాత్రం ఇంటి దగ్గర్లో వారానికి ఒక్కసారైనా వెళ్ళగలిగే కుంటో, వరి మళ్ళో, కాలేజీ వెనక తుప్పలో కావాలి. ఆదివారం పొద్దున 6 అనుకుంటే ప్రతిసారీ అదే టైమ్, అదే దారి. ఒకవారం తెల్లారుజామున, ఇంకోవారం మిట్టమధ్యాహ్నం వెళ్తే తగ్గింది పక్షులా, మారింది మన టైమా అనేది తేలదు.

తర్వాత ఒక నాలుగైదు పక్షుల్ని గుర్తుపెట్టుకోండి, అన్నీ ఒకేసారి నేర్చుకోవాలంటే విసుగొస్తుంది. నా లెక్కలో మొదటిది రోజీ స్టార్లింగ్, మన గోరింకల చుట్టమే, ఒళ్ళు లేత గులాబీ, తలా రెక్కలూ తోకా నలుపు. మోదుగ, బూరుగు పూసినప్పుడు ఆ చెట్టు కింద పది నిమిషాలు నిలబడితే చాలు, తేనె కోసం పూలలో ముక్కు దూర్చి దూర్చి ముఖానికి పుప్పొడి అంటుకుని ఉంటుంది, ఒకటే గోల. ఏప్రిల్ వచ్చేసరికి మధ్య ఆసియా వైపు బయల్దేరతాయి. రెండోది వాగ్‌టెయిల్, నీటి అంచునా గేదెల కాళ్ళ దగ్గరా తోక ఊపుకుంటూ తిరిగేది, జనవరిలో చప్పగా బూడిద రంగులో కనిపించిన ఎల్లో వాగ్‌టెయిల్ మార్చి ఆఖరుకి పసుపు ముద్దలా తయారవుతుంది. ఉల్లంకులూ అంతే, బురదలో మట్టి రంగులో తిరిగే కర్లూ శాండ్‌పైపర్‌కి ఏప్రిల్‌లో పొట్టంతా ఇటుక రంగు వస్తుంది. అంటే ప్రయాణం దగ్గర పడిందన్నమాట, కాబట్టి సంఖ్యతో పాటు రంగు ఎంత మారిందో కూడా ఒక ముక్క రాయండి. నాలుగోది కనపడదు, వినపడుతుంది. పెరట్లో గుబురు చెట్ల మధ్య చలికాలమంతా చక్, చక్ అంటూ ఉండే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, వెళ్ళే ముందు ఏప్రిల్‌లో పాట అందుకుంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్ళు పెట్టే ఎర్రకాళ్ళ కొంగల్నీ గూడబాతుల్నీ సైబీరియా పక్షులు అని రాసేస్తుంటారు. అవి సైబీరియావి కావు, మన దేశపు పక్షులే, నీళ్ళనీ తిండినీ బట్టి చోటు మారుతుంటాయి. పేరు తప్పు రాస్తే రికార్డే తప్పవుతుంది, అందుకే ఎవరో అన్నారని కాకుండా చూసింది చూసినట్టు రాద్దాం.

లెక్కపెట్టడం కష్టమని చాలామంది వదిలేస్తారు. రోజీ స్టార్లింగ్ గుంపు సాయంత్రం మెలికలు తిరుగుతూ పోతుంటే ఒక్కొక్కటీ ఎలా లెక్కపెడతాం అనిపిస్తుంది. గుంపులో ఒక మూల పది పక్షుల్ని లెక్కపెట్టి అది కంట్లో ఎంత జాగా పడుతుందో పట్టుకోండి, అలాంటివి పది కలిస్తే 100, ఇక ఆ వందల ముక్కలతో మొత్తం గుంపుని కొలవండి. చాలా ఉన్నాయి అని రాసేకంటే 400 అని ఉజ్జాయింపుగా రాసినా నయం.

రాయడానికి ఈబర్డ్ యాప్ వాడండి, ఫ్రీ, అమెరికాలో పక్షుల మీద పనిచేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ళది, ఈబర్డ్ వెబ్‌సైట్ అయితే 2002 నుంచి ఉంది. మొదలుపెట్టేటప్పుడు టైమ్, నడిచిన దూరం అదే చూసుకుంటుంది. చివర్లో మీరు గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని అడుగుతుంది చూడండి, అదే అన్నింటికన్నా ముఖ్యం. కాకి, మైనా, పావురంతో సహా అన్నీ రాసి అవును అని పెడితేనే లిస్టులో లేని పక్షి ఆ రోజు మీకు కనపడలేదని అర్థం. ఒక్క అరుదైనదాన్నే రాస్తే మిగతావి లేవో, మీరు రాయలేదో ఎవరికీ తెలీదు. తేదీకి గానీ సంఖ్యకి గానీ ఈబర్డ్‌లో లిస్టులు సరిచూసే రివ్యూయర్ ఎవరైనా వివరాలడుగుతూ మెయిల్ పెడితే నొచ్చుకోకండి, అక్కడ మామూలుకి భిన్నంగా ఉన్న ప్రతిదాన్నీ అలాగే అడుగుతారు, ఫొటోనో రెండు లైన్లో ఇస్తే సరిపోతుంది.

వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఉత్త ఫొటో పెట్టి ఊరుకోవద్దు, ఫార్వర్డ్ అయ్యాక అది ఏ ఊరిదో ఏ ఏడాదిదో తెలీదు. పేరు, ఎన్ని, ఎక్కడ, తేదీ, టైమ్, ఏం చేస్తోంది, ఇంతే. "ఎల్లో వాగ్‌టెయిల్ 6, మా ఊరి చెరువు తూర్పు గట్టు, ఏప్రిల్ 14, పొద్దున 6:40, గేదెల వెంట పురుగులు తింటున్నాయి" ఇలా. సందేహం ఉంటే సందేహమనే రాయండి.

అన్నీ అందరికీ చెప్పకూడదు కూడా. పొన్నంగి పిట్ట ఉంది కదా, ఒంటి మీద అన్ని రంగులూ ఉండేది, శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పిట్టా అన్న పేరు మన తెలుగు పిట్ట నుంచి పోయిందే. దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ చలికాలం గడిపి ఏప్రిల్, మే నెలల్లో మన మీదుగా పైకి వెళ్తుంది, దారిలో అలిసిపోయి అపార్ట్‌మెంట్ల వెనక ఎండుటాకుల్లో దిగుతుంటుంది. ఒకసారి మా వీధిలో దిగితే నేను ఆనందం పట్టలేక లొకేషన్ పిన్‌తో సహా గ్రూపులో పెట్టేశా, సాయంత్రానికి జనం పోగై ఫోన్లలో దాని కూత ప్లే చేస్తూ తుప్పల్ని కదిపారు, అది గోడ దాటి ఎగిరిపోయింది. తిని ఓపిక తెచ్చుకోవడానికి దిగిన పిట్టకి నేను ఆ పూట తిండి లేకుండా చేశాను. అప్పట్నుంచి గూళ్ళు, గుడ్లగూబలు, ఇలా అలిసి దిగినవి ఉంటే ఊరి పేరు వరకే చెప్తా, అదీ పక్షి వెళ్ళాక. కూత ప్లే చేయడం మాత్రం మీరూ చేయకండి.

పక్షుల్ని గుర్తుపట్టడానికి పరిశోధకులు వేసే రింగు కాలికో, బార్ హెడెడ్ గూస్ లాంటి బాతుల మెడకి రంగు పట్టీయో కనపడితే దాని రంగు, మీదున్న అక్షరాలు, అంకెలు రాసుకుని జూమ్ చేసి ఫొటో తీసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి, దగ్గరికి వెళ్ళి తరమొద్దు.

ఇక మే మొదట్లో మీ చెరువుకి వెళ్తే తీతువులు అరుస్తుంటాయి, కొంగలు నిలబడి ఉంటాయి, ఎల్లో వాగ్‌టెయిల్ ఉండదు. ఏమీ లేదులే అని యాప్ తీయకుండా ఇంటికొచ్చేయకండి. ఆ రోజు లిస్టు కూడా పూర్తిగా రాసి సబ్మిట్ చేయండి, ఆ తర్వాతి ఆదివారానిది కూడా, అప్పుడు వెనక్కి చూస్తే ఆఖరిసారి ఉన్న ఆదివారం ఏదో తెలుస్తుంది, గ్రూపులో ఆ తేదీ పెట్టి మిగతావాళ్ళ చెరువుల్లో ఎప్పుడో అడగండి.